నూట ఎనభై రెండు రోజులు

విదేశం నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి అడగడానికి ఫోన్ చేస్తే, “పాస్‌పోర్టులన్నీ తీసుకురండి, గడువు తీరిపోయినవి కూడా” అంటాను. కాకినాడలో ఆడిటర్‌గా నాకు ముప్పై ఎనిమిదేళ్ల ప్రాక్టీసు. ఈ మాట ఎన్ని వందలసార్లు అని ఉంటానో. జీతం కాగితాలు తర్వాత చూస్తాను. ముందు ఆ మనిషి ఏప్రిల్ ఒకటి నుంచి మార్చి ముప్పై ఒకటి దాకా మన నేల మీద ఎన్ని రోజులు ఉన్నాడో తేలాలి.

తేల్చే పద్ధతి మా సీనియర్ గారు నేర్పారు. టేబులు మీద వెంకట్రామా క్యాలెండరు పరిచేవారు. పాస్‌పోర్టు పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ, వచ్చిన స్టాంపు తేదీ దగ్గర ఎర్ర పెన్సిలుతో ఒక గీత, వెళ్లిన తేదీ దగ్గర ఇంకో గీత పెట్టి, మధ్యలో గళ్లు లెక్కపెట్టమనేవారు. స్టాంపులు వరసలో ఉండవు. బొంబాయి సహార్‌లో వేసింది పన్నెండో పేజీలో ఉంటే, ఆ తర్వాతి ఏడు బేగంపేటలో వేసింది మూడో పేజీలో ఏదో వీసా మీద అడ్డంగా పడి ఉంటుంది. సిరా అలికిపోయి 3 కాస్తా 8లా కనిపిస్తుంది. అప్పుడు భూతద్దం. దానికీ అందకపోతే విమానం టికెట్టు, అదీ లేకపోతే ఇంట్లో ఆడవాళ్ల జ్ఞాపకం. “అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మూడు రోజుల ముందు దిగారండి” అని ఒకావిడ చెప్పిన తేదీ, తర్వాత దొరికిన టికెట్టుతో సరిగ్గా సరిపోయింది. దిగిన రోజూ ఎక్కిన రోజూ రెండూ లెక్కలోకి వస్తాయా అన్నది ఇప్పటికీ తెగని తగాదా. రెండూ కలపాలని ఒక తీర్పు ఉంది, దిగిన రోజు వదిలెయ్యవచ్చని ట్రిబ్యునల్ తీర్పులు కొన్ని ఉన్నాయి. నేను రెండూ కలిపే లెక్కిస్తాను. అలా లెక్కించినా గట్టెక్కితే ఇక ఎవరికీ భయపడక్కర్లేదు.

నూట ఎనభై రెండు నిండితే రెసిడెంట్. అప్పుడు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ లెక్క చెప్పాలి. నూట ఎనభై ఒకటి దగ్గర ఆగితే, ఇక్కడ పుట్టిన ఆదాయానికీ ఇక్కడ చేతికందిన ఆదాయానికీ మాత్రమే పన్ను. నువ్వు ఎవరి పౌరుడివి అని మన చట్టం పన్ను వేసే చోట అడగలేదు, నీ కాళ్లు ఎక్కడున్నాయి అని అడిగింది. ఏ ఊరి రోడ్డు మీద నడుస్తున్నామో ఆ ఊరికి పన్ను కట్టడం న్యాయం. నేను ఈ వృత్తిలో ఇన్నాళ్లు మనస్ఫూర్తిగా ఉండగలిగింది చట్టం అడుగున ఈ న్యాయం కనిపించడం వల్లనే. అది ఒక్కసారి వచ్చింది కాదు. దాని వెనక మా తాతయ్య కాలం నుంచీ నడిచిన కథ ఉంది.

1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చుతో ఖజానా ఖాళీ అయితే, వైస్రాయి కౌన్సిల్‌లో ఆర్థిక సభ్యుడుగా వచ్చిన జేమ్స్ విల్సన్ 1860లో ఈ దేశంలో మొదటిసారి ఆదాయపు పన్ను పెట్టాడు. ఏడాదికి 200 రూపాయలు వచ్చేవాడి నుంచీ వసూలు. ఆ చట్టం జూలైలో వచ్చింది, ఆగస్టులో ఆయన కలకత్తాలో రక్త విరేచనాలతో పోయాడు, పన్ను 1865 వరకు నడిచి ఆగింది. మళ్లీ 1886లో స్థిరపడింది. ఆ చట్టాలకు విదేశంలో పనిచేసే భారతీయుడి గురించి పెద్దగా పట్టింపు లేదు. డబ్బు బ్రిటిష్ ఇండియాలో పుట్టిందా, లేక బ్రిటిష్ ఇండియాలోకి వచ్చి చేరిందా అన్నదే చూసేవి. 1922 చట్టం కూడా మొదట్లో అంతే. బయట సంపాదించిన డబ్బు ఇంటికి పంపేదాకా పన్ను లేదు. సిలోన్, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసే చెట్టియార్లు లాభాలు అక్కడే తిప్పుకునేవారు. ఏ రూపాయి ఎప్పుడు మద్రాసు చేరింది, అది అసలా లాభమా అన్న వ్యాజ్యాలు మద్రాసు హైకోర్టులో తెగ నడిచాయి.

మా తాతయ్యది తాళ్లరేవు. కోరంగి రేవు పక్కనే. రంగూన్‌ను మా వైపు రంగం అంటారు. రంగం వెళ్లిన మన కూలీలందర్నీ, ఏ ఊరివాళ్లయినా సరే, బర్మావాళ్లు కోరంగీలు అనేవారు. తాతయ్య అక్కడ బియ్యం మిల్లులో పదకొండేళ్లు బస్తాలు మోశాడు. ఆయన కూలికి ఆదాయపు పన్ను పడే ప్రసక్తే లేదు, ఆ మాట విని ఉండడు కూడా. దిగువ బర్మాలో సామాన్యుడికి తెలిసిన పన్ను తలపన్ను, పెళ్లయినవాడికి 5 రూపాయలు, కానివాడికి రెండున్నర. సంపాదన ఎంతో అది అడగదు. అయితే నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే సంగతి. తాతయ్య కాకినాడలో ఓడెక్కి, సముద్రం దాటి, భాష తెలియని ఊళ్లో దిగాడు. కానీ చట్టం లెక్కలో ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1937 ఏప్రిల్ 1న దాన్ని విడదీశారు. ఆ తెల్లవారి నుంచి అదే మిల్లు, అదే చాప, అదే మనిషి, కానీ ఉన్నది విదేశం.

ఇటువైపు చూస్తే ఇంకా విచిత్రం. బెజవాడ నుంచి పొద్దున బండి కట్టి నైజాం సరిహద్దు దాటి వ్యాపారం చేసుకొచ్చే షావుకారు, పన్ను చట్టం ప్రకారం బ్రిటిష్ ఇండియా బయట సంపాదించినవాడు. ఖమ్మంలో దుకాణం ఉంటే అక్కడి లాభం బెజవాడకు తెచ్చుకున్నప్పుడే లెక్కలోకి వస్తుంది. మునగాల పరగణా కృష్ణా జిల్లాలోది. నైజాం భూమి దాన్ని నాలుగు వైపులా చుట్టుకుని ఉండేది. ఆ పరగణా నుంచి ఎటు పొలిమేర దాటినా పన్ను మారిపోయేది. హైదరాబాద్ ఇండియాలో కలిశాక 1950 ఏప్రిల్ 1 నుంచి అక్కడికీ మన ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సంస్థానం రోజుల లాభాలు ఏ కాలానివి, ఎక్కడ చేతికందాయి అన్న తగాదాలు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయని మా సీనియర్ గారు చెప్పేవారు.

అసలు మలుపు 1939. ఆ ఏడు 1922 చట్టాన్ని సవరించి 4ఏ, 4బీ అని రెండు సెక్షన్లు పెట్టారు. నూట ఎనభై రెండు అన్న అంకె నాకు కనిపించేది అక్కడే. ఏడాదిలో సగం. సగం రోజులు ఇక్కడుంటే ఇక్కడి మనిషివి, నీ విదేశీ ఆదాయం ఇంటికి వచ్చినా రాకపోయినా లెక్క చెప్పాలి. ఇంకో దారి కూడా తెరిచారు: నీకోసం ఇక్కడ నివాసం ఒకటి ఏడాదిలో నూట ఎనభై రెండు రోజులు నడుస్తూ ఉండి, నువ్వు ఆ ఏడు ఎంత కొద్దికాలం వచ్చినా రెసిడెంట్‌వే. సిలోన్, మలయా, బర్మాల్లో వ్యాపారం చేస్తూ భార్యాబిడ్డల్ని ఊళ్లో ఉంచిన మద్రాసు రాజధాని వర్తకులు ఇందులో చిక్కుకున్నారు.

4బీ మాత్రం మెత్తని సెక్షన్. రెసిడెంట్ అయినా సరే, వెనకటి పదేళ్లలో తొమ్మిదేళ్లు రెసిడెంట్ కాకపోయినా, వెనకటి ఏడేళ్లలో మొత్తం రెండేళ్లకు మించి ఇక్కడ ఉండకపోయినా, నువ్వు నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్. పేరు పలకడం కష్టం, ఫలితం గొప్పది. బయటి జీతం మీద పన్ను ఉండదు. ఆ రోజుల్లో ఇది ఎక్కువగా అక్కరకొచ్చింది, నాలుగేళ్లు కొలువు చేసి ఇంగ్లండు వెళ్లిపోయే దొరలకు అని నా అభిప్రాయం. వాళ్ల కంపెనీ షేర్లు, ఇళ్ల అద్దెలు అన్నీ అక్కడే కదా. ఈ సెక్షన్‌ను గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

స్వాతంత్ర్యం వచ్చాక రాసుకున్న 1961 చట్టం, 1962 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది, ఈ నిర్మాణాన్నంతా ఆరో సెక్షన్‌లోకి తెచ్చుకుంది. ఇంటి నిబంధన కూడా వచ్చింది. కాకపోతే కనీసం ముప్పై రోజులు ఇక్కడ ఉండాలి అన్నారు. 1961లో అది ఎవరికీ పెద్ద బాధ కాలేదు. 1973లో చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు మొదలయ్యాయి. కోనసీమ నుంచి, కడప జిల్లా రాజంపేట, రాయచోటి వైపు నుంచి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి మనుషులు బొంబాయి మీదుగా వెళ్లారు. వాళ్లలో ఎవరు మాత్రం ఊళ్లో ఇల్లు లేకుండా వెళ్లారు? ఆ ఇంటి కోసమే కదా వెళ్లింది.

1984లో నేను ఆర్టికల్స్‌లో చేరిన కొత్తలో మా సీనియర్ గారి దగ్గర అలాంటి ఫైలు ఒకటి ఉంది. రాజోలు వైపు మనిషి, ఫిట్టరు. 1978 మేలో మస్కట్ వెళ్లాడు. 1979 డిసెంబరులో చెల్లెలి పెళ్లికి వచ్చి నలభై ఒక్క రోజులు ఉన్నాడు. ఆయన ఊళ్లో కొంత పొలం కొన్నాడు, ఆ డబ్బెక్కడిదని నోటీసు వచ్చింది, మస్కట్ జీతం అని జవాబిచ్చాడు. అయితే ఆ జీతానికే పన్ను కట్టు అన్నారు. నీకు ఇక్కడ ఇల్లుంది, ముప్పై రోజులకు మించి ఉన్నావు, కాబట్టి నువ్వు రెసిడెంట్‌వి. అక్షరం ప్రకారం అధికారి చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ మనిషి మా ఆఫీసు బల్ల మీద కూర్చుని ఒకటే మాట అనేవాడు: “నేను పది నెలలు రేకుల షెడ్డులో పన్నెండు మందితో పడుకున్నానండీ, ఇక్కడున్నానని ఎట్టా రాశారండీ?”

సీనియర్ గారు ఇంటిపన్ను రసీదులు తెమ్మన్నారు. పంచాయతీ రసీదులు. కొన్నింటికి చెదలు పట్టింది, ఒకటి పసుపు మరకతో ఉంది. మూడేళ్లవీ తండ్రి పేరు మీద ఉన్నాయి. రేషన్ కార్డు తండ్రిది. కరెంటు మీటరు తండ్రిది. పెంకుటిల్లు తాత కట్టించింది. ఈ నివాసాన్ని నడుపుతున్నది తండ్రి, తన కుటుంబం కోసం. కొడుకు చుట్టపు చూపుగా వచ్చి పడుకున్నాడు, తన కోసం ఇల్లు నడపలేదు అని వాదన. నేను ఆ రసీదులకు నకళ్లు రాశాను, జిరాక్స్‌కు పనికిరానంత మాసిపోయాయి అవి. రెండేళ్లు పట్టింది. అప్పీలులో గెలిచాం. పంచాయతీకి కట్టిన పదకొండు రూపాయల ఇంటిపన్ను, మస్కట్ జీతం మీద ఆదాయపు పన్నును ఆపింది. అదే ఆ కొడుకు వేరుపడి సొంతంగా వాటా రాయించుకుని ఉంటే ఓడిపోయేవాడు. అప్పట్నుంచీ ఏ కాగితాన్నీ చిన్నదని అనుకోను.

మేం ఆ కేసు నడిపేనాటికే చట్టం మారిపోయింది, పాత ఏళ్లకు మాత్రం పాత చట్టమే. 1982 ఫైనాన్స్ చట్టం ఇంటి నిబంధనను తీసేసింది, 1983 ఏప్రిల్ నుంచి. పెళ్లాం పిల్లలున్న ఇల్లు ఊళ్లో ఉన్నంత మాత్రాన మనిషి ఊళ్లో ఉన్నట్టు కాదని ప్రభుత్వం ఒప్పుకుంది. నా దృష్టిలో వలస పోయిన శ్రామికుడికి ఈ దేశం చేసిన మేళ్లలో ఇది మొదటి వరసలోది. దీని గురించి ఎవరూ పాట కట్టలేదు. సెలవు మీద వచ్చే పౌరుడు ఎన్ని రోజులు ఉండవచ్చన్న హద్దు కూడా పెరుగుతూ వచ్చింది. తొంభై అన్నారు, 1990లో నూట యాభై చేశారు, 1994 చట్టంతో నూట ఎనభై రెండుకి చేర్చారు. ఇదంతా దయ ఒక్కటే అనను. విదేశీ మారకం కావాలి. 1970లో ఎన్‌ఆర్‌ఈ ఖాతా పెట్టి, దాని వడ్డీకి పన్ను లేకుండా చేసిందీ అందుకే. ఓడల మీద పనిచేసే మావాళ్ల సంగతి మాత్రం చాలా ఆలస్యంగా తేలింది. విదేశీ ఓడ మీద చేసిన పనికి జీతం ఇక్కడి ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో పడినంత మాత్రాన పన్ను వెయ్యరాదని 2017 ఏప్రిల్‌లో గానీ సర్క్యులర్ రాలేదు. అప్పటిదాకా ఎందరు సీమెన్‌కు నోటీసులొచ్చాయో కాకినాడ, విశాఖల్లో ఏ ఆడిటర్‌ని అడిగినా చెబుతారు.

మన పద్ధతి విలువ అమెరికా పద్ధతి పక్కన పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ అంతర్యుద్ధం ఖర్చుల కోసం ఆదాయపు పన్ను పెట్టినప్పుడు, యుద్ధం మోయకుండా విదేశాల్లో కూర్చున్న పౌరులను వదలకూడదన్న పట్టుదల పుట్టింది. 1864 చట్టం విదేశంలో నివసించే అమెరికా పౌరుడి మీదా పన్ను వేసింది. ఆ సూత్రం ఇప్పటికీ ఉంది. మెక్సికో నగరంలో స్థిరపడిన కుక్ అనే అమెరికన్ తన మెక్సికో ఆస్తి మీద వచ్చిన ఆదాయానికి 1,193 డాలర్ల పైచిలుకు పన్ను ఎందుకు కట్టాలని పోట్లాడితే, 1924లో వాళ్ల సుప్రీంకోర్టు కట్టాల్సిందే అంది. పౌరసత్వమే చాలు అంది. ఆ తీర్పు వచ్చిన నూరేళ్లకు దాని బరువు రామచంద్రపురంలో ఒక తల్లి మీద పడటం నేను చూశాను. అమెరికా పౌరుడైన కొడుకు పేరును, పెద్దవయసు కదా అని, ఆవిడ తన ఫిక్స్‌డ్ డిపాజిట్లలో జాయింటుగా రాయించింది. డబ్బంతా ఆవిడ భర్త పెన్షన్‌లో మిగిల్చింది. కానీ మొత్తం 10,000 డాలర్లు దాటింది కాబట్టి కొడుకు ఏటా అమెరికా ప్రభుత్వానికి ఆ ఖాతాల వివరం రాసివ్వాలి. 2010లో ఫ్యాట్కా చట్టం వచ్చి, 2015 జూలైలో మన దేశం దాని మీద ఒప్పందం చేసుకున్నాక బ్యాంకులే ఆ వివరాలు పంపుతున్నాయి. తప్పు చేసినవాడిలా ఆ కుర్రాడు ఫోన్లో వణికిపోయాడు. “అమ్మకి చెప్పకండి ఆంటీ” అన్నాడు. ఖాతాల నుంచి పేరు తీయించి నామినీగా మార్చాం.

న్యాయంగా ఇంకో మాటా చెప్పాలి. 1989లో అమెరికాతో కుదిరిన పన్ను ఒప్పందంలో ఇరవై ఒకటో అధికరణం ఉంది. ఎమ్మెస్‌కి వెళ్లిన మన పిల్లలు అక్కడి విద్యార్థి ఉద్యోగాల మీద రిటర్న్ వేసేటప్పుడు, అమెరికన్లకిచ్చే స్టాండర్డ్ డిడక్షన్ వాళ్లకూ దొరుకుతుంది. చాలా దేశాల పిల్లలకు అది లేదు. మన పిల్లల్లోనే ఎందరికి తెలుసో. అమెరికాలో సోషల్ సెక్యూరిటీకి ఏళ్ల తరబడి కట్టి, పదేళ్లు నిండకుండా తిరిగొచ్చినవాళ్లకు ఆ డబ్బు రాదు, దాని మీద రెండు దేశాలకూ ఒప్పందం లేదు. ఈ రెండో సంగతి మాత్రం నాకు కడుపులో మంటగా ఉంటుంది.

2020 ఫిబ్రవరి 1న బడ్జెట్ వచ్చిన సాయంత్రం మా ఆఫీసు ఫోన్ ఆగలేదు. ఏ దేశంలోనూ పన్ను కట్టాల్సిన పని లేని భారత పౌరుడిని రెసిడెంట్‌గానే భావిస్తామన్న ప్రతిపాదన పెట్టారు. గల్ఫ్‌లో జీతానికి పన్ను లేదు. అంటే గల్ఫ్‌లో ఉన్న ప్రతి కూలీ ఇక్కడ ఉన్నట్టేనా? మర్నాడే ప్రభుత్వం, నిజంగా పనిచేసుకునేవాళ్ల కోసం కాదని వివరణ ఇచ్చింది. చివరికి చట్టంలో, విదేశీ ఆదాయం కాక మిగిలింది 15 లక్షలు దాటినవాళ్లకే అని హద్దు పెట్టారు. అలాంటివాళ్లనూ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్ గానే ఉంచారు. పన్ను ఎగవేసే ధనవంతుల కోసం పెట్టిన ఉచ్చు అది, దాన్ని నేను కాదనను. కానీ అంతవరకు పౌరుడన్న మాట ఆరో సెక్షన్‌లో సడలింపు ఇవ్వడానికే ఉండేది. పట్టి లోపలికి లాగడానికి వాడటం అదే మొదలు. ఆ గీత దాటారని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండు నెలలు తిరక్కుండా విమానాలే ఆగిపోయాయి. అంబాజీపేట దగ్గరి మనిషి, కువైట్‌లో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్, 2006 నుంచీ అక్కడే. 2020 ఫిబ్రవరి 20న నలభై అయిదు రోజుల సెలవు మీద దిగాడు. ఏప్రిల్‌లో తిరిగి వెళ్లాల్సినవాడు కొబ్బరితోటలో మాస్కు కట్టుకుని అక్టోబరు దాకా ఉండిపోయాడు. మన దేశం నుంచి నేరుగా కువైట్‌లో అడుగుపెట్టనివ్వలేదు. దుబాయిలో పద్నాలుగు రోజులు సొంత ఖర్చుతో ఉండి వెళ్లాలి. అక్టోబరు 14న హైదరాబాద్‌లో విమానం ఎక్కాడు. ఏప్రిల్ 1 నుంచి లెక్కపెట్టాను: నూట తొంభై ఏడు.

2019-20 సంవత్సరానికి చిక్కుకున్న రోజులు తీసెయ్యమని 2020 మేలో సర్క్యులర్ వచ్చింది. 2020-21కి అలా ఇవ్వలేదు. రెండు దేశాల్లోనూ పన్ను పడుతున్నవాళ్లు ఒక ఫారం నింపి పంపండి, చూస్తాం అన్నారు. కువైట్‌లో పన్నే లేదు, ఇక రెండుసార్లు పడటం ఎక్కడిది? ఆయన ఆ ఫారానికీ పనికిరాడు. ఆరు నెలలు జీతం లేకుండా కూర్చున్న మనిషి, మళ్లీ పనిలో చేరాక వచ్చిన నెలల జీతానికి పన్ను కట్టాలేమోనన్న బెంగతో మరుసటి ఏడు నాలుగు పాస్‌పోర్టులు రబ్బరు బ్యాండు వేసి తెచ్చాడు. ఒకదాని మూల కత్తిరించి ఉంది, అది పాతది. భార్య పారేద్దామంటే ఎందుకో దాచానన్నాడు.

క్యాలెండర్లు తీశాను. వెనకటి ఏడేళ్లు. 2013-14లో నలభై అయిదు. తర్వాతి ఏడు రాలేదు. అరవై రెండు, ముప్పై ఎనిమిది, యాభై ఒకటి. 2018-19లో మళ్లీ రాలేదు. 2019-20లో ఫిబ్రవరి 20 నుంచి నలభై ఒకటి. మొత్తం రెండు వందల ముప్పై ఏడు. 1939లో రెండేళ్లు అన్న హద్దును 2003 సవరణ 729 రోజులని రాసింది. ఆయన దానికి చాలా దూరంలో ఉన్నాడు. రెసిడెంటే, కానీ నాట్ ఆర్డినరిలీ. కువైట్‌లో పనిచేసి కువైట్ బ్యాంకులో తీసుకున్న జీతానికి ఇక్కడ పన్ను లేదు. ఎప్పుడో దొరలకు అక్కరకొచ్చిన సెక్షన్, అంబాజీపేట టెక్నీషియన్‌ని ఒడ్డున పడేసింది. కూడిక ఆయనకు తిప్పి చూపించాను. వేలితో ఒక్కో అంకె మీదా ఆగి, పైకి చదువుకున్నాడు. ఆ రెండు సున్నాల దగ్గర, “ఆ ఏడు టికెట్టుకి డబ్బుల్లేవండి. రెండోసారి పాప ఫీజు” అన్నాడు.

పాస్‌పోర్టులు మళ్లీ దొంతర పెట్టి రబ్బరు బ్యాండు వేసుకుంటూ, “మా అబ్బాయి దుబాయి వెళ్తున్నాడండి. అక్కడ గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయంట, స్టాంపు వెయ్యరంట” అన్నాడు.

“ఇక్కడ వేసే స్టాంపు సరిగ్గా పడిందో లేదో చూసుకోమను. బోర్డింగ్ పాసులు దాచమను” అన్నాను.